మహిమ మీద మహిమ ఎక్కితే ధరెంత?

ఒక మెట్టు మహిమ ఉన్న కత్తి ధర 2,000 బంగారు నాణేలు. అదే కత్తికి రెండు మెట్లు కావాలంటే 4,000 అవుతుందని ఎవరైనా అనుకుంటారు. పుస్తకం తీసి చూస్తే 8,000 అని ఉంటుంది. మూడు మెట్లకు 18,000, నాలుగింటికి 32,000, ఐదింటికి 50,000. ఎన్ని మెట్లో ఆ అంకెను దానితోనే గుణించి, వచ్చినదాన్ని 2,000తో హెచ్చవేస్తే ఈ ధరలే వస్తాయి. కవచానికీ ఇదే లెక్క, కాకపోతే 2,000 బదులు 1,000.

ఈ కత్తి ఎక్కడా లేదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటలో ఉంది. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా ఊరి నుంచి గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాన్ని బయటికి తెచ్చారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర అవుతారు. వేటు తగిలిందా లేదా, తాళం తెరుచుకుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. కథలో దొరికే ఉంగరాలు, కత్తులు, కవచాలు, పాదరక్షలకు మహిమలు ఉంటాయి. వాటిని కొనాలి, అమ్మాలి, చేయించుకోవాలి. కాబట్టి ధర కావాలి. 2000 సంవత్సరంలో మూడో కూర్పు రాసిన జోనథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ ఆ ధరలకు సూత్రాలు కట్టారు. నేను చెప్పిన పట్టిక వాళ్లదే, ఇకపై చెప్పబోయే ఆట నియమాలూ ఆ కూర్పువే.

పిల్లల ఆటకు ఇంత లెక్క ఎందుకని తీసిపారేయకండి. ఒకే వస్తువులో రెండు మూడు గొప్పతనాలు కలిస్తే దాని విలువ ఎలా పెరుగుతుందన్నది అసలైన ప్రశ్న. పాత నల్లగొండ జిల్లా పోచంపల్లి, పుట్టపాకల్లోనూ, పాత మహబూబ్‌నగర్ జిల్లా గద్వాలలోనూ మగ్గం ముందు కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న రోజూ ఎదురవుతుంది. ఆటలో సూత్రం కాగితం మీద ఉంటుంది. మన ఊళ్లలో అది కూలి రూపంలో ఉంటుంది, చాలాసార్లు దక్కని కూలి రూపంలో.

ముందు కత్తి సంగతి. ధర వర్గంలా ఎందుకు పెరగాలి? ఒక యోధుడి వేట్లలో సగం తగులుతాయనుకుందాం. తగిలిన వేటు ఎంత గాయం చేస్తుందో ఎనిమిది ముఖాల పాచిక చెబుతుంది, దాని సగటు 4.5. అంటే ఒక్కో వేటుకు సగటు ఫలితం 0.5 × 4.5 = 2.25. ఇప్పుడు ఒక మెట్టు మహిమ ఎక్కించండి. అది రెండు పనులు చేస్తుంది. తగిలే అవకాశానికి ఇరవై ముఖాల పాచిక మీద ఒక అంకె, అంటే 5 శాతం, కలుపుతుంది. గాయానికి ఒకటి కలుపుతుంది. 0.55 × 5.5 = 3.025. రెండో మెట్టుకు 0.60 × 6.5 = 3.9. మూడుకు 4.875, నాలుగుకు 5.95, ఐదుకు 7.125.

ఈ వరసలో మొదటి మెట్టు తెచ్చిన లాభం 0.775. రెండోది 0.875, మూడోది 0.975, నాలుగోది 1.075, ఐదోది 1.175. మెట్టు అదే, మహిమ అదే, కానీ ప్రతిసారీ లాభం మునుపటికన్నా కొంచెం ఎక్కువ. ఎందుకంటే గుణకారంలో ఉన్న రెండు అంకెలూ ఒకేసారి పెరుగుతున్నాయి. ముందు మెట్లు ఎక్కి ఉన్నాయి కాబట్టే తరవాతి మెట్టు ఎక్కువ పనిచేస్తుంది. గొప్పతనాలు ఒకదానికొకటి బలమిచ్చుకునే చోట కూడిక చాలదు, వర్గం వచ్చి తీరుతుంది.

అయితే ధర ఆ లాభంతో సమానంగా నడవదు, దాన్ని దాటి పరుగెత్తుతుంది. మొదటి మెట్టులో ఒక యూనిట్ లాభానికి దాదాపు 2,580 నాణేలు పడితే, ఐదో మెట్టులో 15,320 పడుతుంది. చేతిలో డబ్బున్న ఆటగాడు అంతా ఒకే కత్తి మీద కుమ్మరించకుండా ఇది కళ్లెం వేస్తుంది. కత్తికి కొంత, కవచానికి కొంత, ఉంగరానికి కొంత అని పంచుకునేలా ధరే నెడుతుంది. ఎవరికీ ఏదీ నిషేధించకుండా, ధర ఒక్కదానితోనే జనం నడతను మలచడం నాకు చాలా తెలివైన పనిగా తోస్తుంది.

ఇక పేర్పు. ఒకే రకం మహిమ రెండు చోట్ల నుంచి వస్తే రెండూ కలవవు, పెద్దదే చెల్లుతుంది. వేరువేరు రకాలైతే కలుస్తాయి. ఈ ఒక్క నియమంలో ఆట మర్మమంతా ఉంది. ఉదాహరణకు మంట మహిమ ధరలో ఒక మెట్టుతో సమానం, తగిలిన ప్రతి వేటుకూ ఆరు ముఖాల పాచికంత, సగటున 3.5, అదనపు గాయం చేస్తుంది. 8,000 నాణేలు పట్టుకెళ్తే రెండు మెట్ల కత్తి కొనొచ్చు, లేదా ఒక మెట్టు మీద మంట ఎక్కించిన కత్తి కొనొచ్చు. మొదటిదాని ఫలితం 3.9. రెండోదానిది 0.55 × 9 = 4.95. మంటతోపాటు మంచు, మెరుపు కూడా ఎక్కిస్తే 32,000 అవుతుంది, ఫలితం 8.8. అదే ధరకు వచ్చే నాలుగు మెట్ల సాదా కత్తి 5.95 దగ్గరే ఆగిపోతుంది. అయితే మంట సోకని శత్రువు ఎదురైతే మంట కత్తి 3.025కి పడిపోతుంది. రకరకాలుగా పేర్చినవాడికి లాభమూ ఉంది, జూదమూ ఉంది.

పేర్పు అదుపు తప్పిన సందర్భమూ ఉంది. కొన్ని కత్తులకు పాచిక మీద 18, 19, 20 పడితే గాయం రెట్టింపయ్యే వీలుంటుంది. ఆ పరిధిని పెంచే పదును మహిమ ఒకటి, యోధుడి సొంత నేర్పు ఒకటి. 2000 నాటి నియమాల్లో రెండూ కలిసేవి. మూడంకెల పరిధి తొమ్మిదంకెలయ్యేది, 12 నుంచి 20 దాకా, నూటికి 45 సార్లు. అదీ ఓ కళ్లెంతోనే. రెట్టింపు మీద రెట్టింపు అంటే ఈ ఆటలో నాలుగింతలు కాదు, మూడింతలే. లేకపోతే ఇంకా దూరం పోయేది. 2003లో నియమాలు సవరించినప్పుడు ఆ రెండూ కలవకూడదని రాసేశారు.

కత్తి పక్కన పెట్టి పుట్టపాక వెళ్దాం. సంస్థాన్ నారాయణపురం మండలంలోని ఊరు, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. ఇక్కడి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది, ఇక్కడి నేతకారుడు గజం గోవర్ధనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. తేలియాకు నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెడతారు. ఆ తరవాతే ఎరుపు గట్టిగా పడుతుంది. దారాన్ని లెక్కప్రకారం కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, మళ్లీ ముంచుతారు. కట్టడానికి సైకిల్ ట్యూబు రబ్బరు పేలికలు వాడతారు. బట్ట నేయకముందే బొమ్మ దారంలో ఉంటుంది.

టై అండ్ డైలో చవకైన మెట్టు పేకకు, అంటే అడ్డం దారానికి, మాత్రమే కట్టడం. పడుగు, అంటే నిలువు దారం, ఒకే రంగులో ఉంటుంది. నాడె దాటిన ప్రతిసారీ నేతగాడు పేకను అంచు దగ్గర ఇటూ అటూ జరిపి బొమ్మ కుదుర్చుకుంటాడు. పడుగుకు కట్టడం ఇంకో మెట్టు. రెంటికీ కట్టి నేయడం, అంటే డబుల్ ఇక్కత్, అసలు పరీక్ష. గుజరాత్‌లోని పటాన్, బాలి ద్వీపంలో తెంగనన్, జపాన్‌లో కొన్ని ఊళ్లు, మన పుట్టపాక. ప్రపంచంలో ఈ పని చేసే చోట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

రెండూ కట్టినందుకు వచ్చే లాభం ఏమిటో బట్టను కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తే తెలుస్తుంది. ఒక్క పేకకే ఎరుపు కట్టిన చీరలో, ఎర్రని చోట కూడా ఎర్ర దారం పక్కనే పడుగు దారం తొంగిచూస్తుంది. అందుకే ఆ ఎరుపు కాస్త పలచన. పడుగూ పేకా రెండూ ఎరుపైన చోట ఇంకో రంగుకు సందే లేదు. ఆ గడి ఎరుపు అచ్చంగా ఎరుపు. తెలుపు కూడా అంతే. రుమాలులో తెల్లటి గడి మధ్యన కనిపించే ఆ స్వచ్ఛత, రెండు వైపుల దారాలనూ ప్రతి ముంపులోనూ కాపాడితేనే మిగిలేది. సగం పని చేస్తే సగం తెలుపు రాదు, మసక గులాబీ వస్తుంది. కత్తిలోలాగే ఇక్కడా రెండో మెట్టు మొదటిదాన్ని మించి పనిచేస్తుంది, మొదటిది ఉంది కాబట్టే.

ఖర్చు కూడా గుణకారంలోనే పెరుగుతుంది. పడుగులో మూడు రంగులు, పేకలో మూడు ఉంటే అవి కలిసే తీరులు తొమ్మిది. అందులో మూడే అచ్చమైనవి, మిగతా ఆరూ మిశ్రమాలు. నాలుగేసి రంగులైతే పదహారు తీరులు, నాలుగే అచ్చమైనవి. వర్గం మళ్లీ ఎదురొచ్చింది చూడండి, ఎవరూ పట్టికలో రాయకుండానే. ఇక గురి తప్పడం సంగతి. ఒక గడిలో పేక కట్టు పదో వంతు జరిగిందనుకుందాం, అచ్చమైన రంగు 90 శాతం మిగులుతుంది. పడుగు కట్టు కూడా పదో వంతు జరిగితే 0.9 × 0.9, అంటే 81 శాతం. తప్పు రెట్టింపైనట్టు కనిపిస్తుంది గానీ, నేతగాడి దృష్టిలో అంతకన్నా పెద్ద తేడా ఉంది. ఒక్క పేకకే కట్టినప్పుడు తప్పును మగ్గం మీద సర్దుకోవచ్చు. పడుగులో జరిగిన తప్పు పొడుగునా మిగిలిపోతుంది, దానికి తగ్గట్టు ప్రతి పేకనూ సర్దుకుంటూ పోవాలి. అందుకే డబుల్ ఇక్కత్ నేసే మనిషి నిమిషాలకు నిమిషాలు నాడె వేయకుండా దారం వైపే చూస్తూ ఉంటాడు.

ఈ గుణకారంలో ఒక అంకెను తగ్గించిన మనిషి ఉన్నాడు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం. పేక దారాన్ని అర్ధచంద్రాకారంగా పాతిన మేకుల మీదుగా తిప్పే పనిని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు చేయి దాదాపు 9,000 సార్లు ఇటూ అటూ ఆడాలి. నాలుగైదు గంటల పని, అదీ ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పట్టేసిన తన తల్లి లక్ష్మి కష్టం చూసి ఆయన 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. గంటన్నరలో పని అయిపోతుంది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన చేసిన మేలు ఒక చీరకు మూడు గంటలు మిగలడంతో ఆగదు. ఒక మెట్టు శ్రమ తగ్గితే, దాని మీద ఎక్కాల్సిన మెట్లకు చేతుల్లో సత్తువ మిగులుతుంది. నేను ఈ యంత్రాన్ని ఆ లెక్క దృష్టితోనే గౌరవిస్తాను.

గద్వాల చీరది వేరే లెక్క. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ జరీతో పట్టు. ఇక్కడ గొప్పతనాలు ఒకదాని మీద ఒకటి ఎక్కవు, పక్కపక్కన కూర్చుంటాయి. నూలు చోటు నూలుది, పట్టు చోటు పట్టుది. ఆటలో దీనికి అచ్చంగా సరిపడే నియమం ఉంది. ఒంటి మీద వేరువేరు స్థానాల్లో పెట్టుకునే వస్తువులకు ధర మామూలు కూడికే. 8,000 ఉంగరం, 4,000 పాదరక్షలు కలిపి 12,000. ఆ రెండు మహిమలనూ ఒకే ఉంగరంలోకి ఎక్కించమంటే, తక్కువ ధర ఉన్నదానికి 2003 నియమాల ప్రకారం ఒకటిన్నర రెట్లు కట్టాలి: 8,000 + 6,000 = 14,000. ఒకే చోట ఇరికించినందుకు అదనం.

కానీ గద్వాలలో పక్కపక్కన పెట్టడమూ ఉచితంగా రాదు. అంచు కలిసే చోట ప్రతి పేక దగ్గరా నూలు దారాన్ని పట్టు దారంతో మెలేసి లంకె వేయాలి. ఒళ్లుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మగ్గం దగ్గర ఇద్దరు మనుషులు. నూలూ పట్టూ ఒకే బిగువులో సాగవు, ఒకేలా కుదించుకోవు. ఆ అతుకు సరిగా కుదరకపోతే ఉతికాక చీర అంచు దగ్గర ముడుచుకుపోతుంది. ఆట నియమాల్లో కత్తికీ ఉంగరానికీ మధ్య అతుకు లేదు. రాసినవాళ్లకు ఆ ఆలోచన రానక్కర్లేదు కూడా. మగ్గం చూసినవాళ్లకు మాత్రం, ధరలో ఒక పెద్ద భాగం ఆ అతుకులోనే దాగి ఉందని తెలుస్తుంది.

గద్వాల సంస్థానం పేరున ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళ్లే ఏరవాడ జోడు పంచెలను 41 రోజుల దీక్షతో నేస్తారు. ధర అడగని నేత అది. అడిగితే ఏ సూత్రమూ సరిపోదు.

ఆటలో నాకు బాగా నచ్చిన నియమం ఇంకొకటి ఉంది. మహిమ ఎక్కించాలంటే వస్తువు ముందు మేలురకం పనితనంతో చేసినదై ఉండాలి. కత్తికి అందుకు 300 నాణేలు వేరుగా కట్టాలి. మామూలు ఇనుప ముక్క మీద మహిమ నిలవదు. తయారీకి ముడిసరుకు అమ్మకపు ధరలో సగం. ప్రతి 1,000 నాణేల ధరకూ ఒక రోజు పని. ఐదు మెట్ల కత్తికి 50 రోజులు. అంటే ధర వర్గంలా పెరిగితే కూలి రోజులూ వర్గంలా పెరుగుతాయి, చేసినవాడికి దక్కేదీ అలాగే పెరుగుతుంది. మన మగ్గాల దగ్గర మొదటిది నిజం, రెండోది కాదు. డబుల్ ఇక్కత్ చీరకు రోజులు గుణించుకుంటూ పోతాయి, కూలి మాత్రం కూడికలోనే నడుస్తుంది. పడుగు, పేక, రంగు మాస్టర్ వీవర్ ఇచ్చి, నేసినందుకు ఇంత అని కడతాడు. గురి కుదుర్చుకోవడానికి ఆగిన నిమిషాలకు ఆ లెక్కలో చోటు ఉండదు.

దీనికి ఒక కారణం కొనేవాళ్ల కంటికి మెట్లు కనిపించకపోవడం. ఆటలో దొరికిన వస్తువులో ఏ మహిమ ఉందో తెలుసుకోవడానికి ఒక మంత్రం ఉంది, దానికి 100 నాణేల ముత్యం ఒకటి ఖర్చవుతుంది. గుర్తించడానికీ ధర ఉందని ఆ నియమం ఒప్పుకుంటుంది. మనకు ఆ పని 2004లో వచ్చిన సిల్క్ మార్క్, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్, పోచంపల్లి ఇక్కత్‌కు దక్కిన భౌగోళిక గుర్తింపు చేయాలి. అవి పట్టు అసలుదా, మగ్గం చేతిదా, ఊరు అదేనా అని చెబుతాయి. ఆ బట్టలో ఎన్ని మెట్లు ఉన్నాయో చెప్పవు. ఒక్క పేకకు కట్టిన చీరకూ రెంటికీ కట్టిన చీరకూ ముద్ర ఒకటే. ఇక అచ్చు వేసిన నకలు దూరం నుంచి రెంటినీ అనుకరిస్తుంది, కూడిక కూడా లేని ధరకు.

నా ఉద్దేశంలో చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఆట పుస్తకం వస్తువుల ధర ఎలా కట్టాలో విడివిడిగా రాస్తుంది. సొసైటీ దుకాణాల్లో చీరతో ఇచ్చే చీటీ మీద కూడా అలాగే రాయొచ్చు: దారం ఏది, కట్టింది పడుగుకా పేకకా రెంటికా, ఎన్ని ముంపులు, మగ్గం మీద ఎన్ని రోజులు, ఎందరు మనుషులు. చీటీ వచ్చేదాకా కొనేవాళ్లే చూసుకోవాలి. చీర తిరగేయండి. అచ్చు వేసినదైతే వెనక సాధారణంగా వెలిసినట్టు ఉంటుంది, కట్టి నేసినదైతే రెండు వైపులా ఒకటే. తరవాత ఒక్క గడిని కంటికి దగ్గరగా పెట్టుకోండి. అంచులు ఒక దిక్కునే ఈకలా చెదిరి ఉంటే కట్టు ఒకవైపే. నాలుగు దిక్కులా చెదిరి, మధ్యలో రంగు చిక్కగా ఉంటే రెండు వైపులా కట్టినది. అమ్మేవాళ్లను ‘పడుగుకు కూడా కట్టారా?’ అని అడగండి. జవాబు అవునైతే, ధర ఎందుకు అంతుందో ఇక వేరే చెప్పించుకోవాల్సిన పని లేదు. అందులో నేసినవాళ్లకు ఎంత చేరిందో మాత్రం అడగండి.